కారును ఆపే స్తంభానికి సైకిల్ తగలకుండా ఉండాలంటే: సైకిల్ దారుల గేట్ల వెనక లెక్క

ప్రభుత్వ కాలేజీలు, ఆఫీసుల గేట్ల దగ్గర నేలలో అడ్డంగా పరిచిన ఇనుప పైపులు చాలామంది చూసే ఉంటారు. కింద గొయ్యి, పైన పైపులు, మధ్యలో సందులు. మనిషి చూసుకుని అడుగులేస్తూ దాటతాడు. స్కూటరు గడగడమంటూ దాటేస్తుంది. ఆవు మాత్రం కాలు పెట్టడానికి జంకి వెనక్కి తిరుగుతుంది. వాచ్‌మన్ అక్కర్లేదు, బోర్డు అక్కర్లేదు. ఎవరిని వదలాలో ఎవరిని ఆపాలో ఆ సందులే చూసుకుంటాయి.

సైకిల్ దారి మొదట్లో పాతే స్తంభాల నుంచి కూడా మనం ఆశించేది ఇదే. సైకిల్‌ను వదలాలి, కారును ఆపాలి. వినడానికి ఆవు సమస్య కంటే తేలిగ్గా ఉంటుంది. కానీ అమెరికా, బ్రిటన్, నెదర్లాండ్స్ ఇంజనీర్లు ఏళ్ల తరబడి దీనితోనే కుస్తీ పడుతున్నారు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్ 1న మొదలయ్యాక ఇది మన ప్రశ్న కూడా అయింది.

చిక్కంతా ఒక్క చోట ఉంది. చట్టం బండ్లను ఇంజన్‌ను బట్టి విడదీస్తుంది. స్తంభం వెడల్పును బట్టి మాత్రమే విడదీయగలదు. జల్లెడకు రంధ్రం సైజు తెలుసు గానీ, అందులోంచి జారేది బియ్యమో రాయో తెలియదు కదా.

లేన్, ట్రాక్, ట్రైల్: మూడూ ఒకటి కాదు

రోడ్డు మీదే ఒక పక్కన తెల్ల గీత గీసి సైకిల్ బొమ్మ వేస్తే అది సైకిల్ లేన్. దానికీ కార్లకీ మధ్య అడ్డు రంగు మాత్రమే. రోడ్డు నుంచి గట్టు, కంచె, మొక్కల వరస లాంటి వాటితో విడదీస్తే ట్రాక్. రోడ్డుతో సంబంధం లేకుండా నది ఒడ్డునో, మూసేసిన రైలు మార్గం మీదో తన దారిన తను పోయేది ట్రైల్. కాలిఫోర్నియాలో శాన్ రామోన్ మీదుగా వెళ్లే ఐరన్ హార్స్ ట్రైల్ ఒకప్పటి రైలు దారే. ఆ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకు అది సాయంత్రం నడకకు అలవాటైన చోటు.

ట్రైల్ మీద సైకిళ్లే కాదు, నడిచేవాళ్లు, పిల్లల బండి తోసేవాళ్లు, వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లు అందరూ ఉంటారు. అందుకే దాన్ని ఉమ్మడి దారి అంటారు. ఈ దారి రోడ్డును కలిసే ప్రతి చోటా ఒక నోరు తెరుచుకుంటుంది, కారు వచ్చేది ఆ నోట్లోంచే. అక్కడ పాతే పొట్టి స్తంభాన్ని ఇంజనీర్లు బొలార్డ్ అంటారు. మనవాళ్లు పోల్ అనో దిమ్మె అనో అంటారు.

కారు అక్కడికి ఎందుకు వస్తుంది?

స్తంభం పాతే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. సాధారణంగా ఎవరూ అడగరు.

కొందరు పొరపాటున వస్తారు. మూడు మీటర్ల వెడల్పున నున్నటి తారు కనిపిస్తే చీకట్లో అది సందు రోడ్డులాగే ఉంటుంది. మలుపు తిప్పేశాక తెలుస్తుంది. కొందరు అడ్డదారి కోసం వస్తారు. సిగ్నల్ దగ్గర పది నిమిషాలు ఆగే బదులు ఇటు నుంచి తోసేద్దామని. కొందరికి అది ఊరికే దొరికిన పార్కింగ్. ఇక నాలుగో రకం తాగి వచ్చేవాళ్లు, లేదా కావాలని మనుషుల్ని తొక్కించడానికి వచ్చేవాళ్లు. వీళ్లు చాలా అరుదు, కానీ పేపర్లో పడేది వీళ్లే.

పొరపాటుకు మందు దారి రూపం మార్చడం, చూడగానే ఇది కార్ల రోడ్డు కాదని తెలిసేలా చేయడం. అడ్డదారికి, పార్కింగ్‌కి మందు జరిమానా, కొంతవరకు స్తంభం. నాలుగో రకానికి మామూలు పైపు ఏమాత్రం సరిపోదు. లారీ వేగాన్ని తట్టుకునే ఉక్కు, దాని కింద లోతైన కాంక్రీటు కావాలి. నాలుగు జబ్బులకీ ఒకటే మాత్ర ఇచ్చేయడంతో చాలా ఊళ్లలో గొడవ మొదలవుతుంది.

హడ్సన్ ఒడ్డున జరిగింది

న్యూయార్క్‌లో మన్‌హాటన్ పడమటి అంచున, హడ్సన్ నది వెంట వెళ్లే గ్రీన్‌వే అమెరికాలో అత్యంత రద్దీగా ఉండే సైకిల్ దారుల్లో ఒకటి. పక్కనే పెద్ద రోడ్డు. దారికీ రోడ్డుకీ మధ్య చాలా చోట్ల వాహనాలు దాటే సందులున్నాయి. 2006 డిసెంబర్‌లో తాగిన మనిషి ఒకడు కారును ఈ దారి మీదికి ఎక్కించి చాలా దూరం తోలాడు, ఎదురుగా వస్తున్న ఒక సైక్లిస్టు చనిపోయాడు. స్తంభాలు పెట్టాలని సైక్లిస్టులు అప్పుడే అడిగారు.

2017 అక్టోబర్ 31న అద్దె ట్రక్కుతో ఒకడు హ్యూస్టన్ వీధి దగ్గర దారి మీదికెక్కి దాదాపు మైలు దూరం మనుషుల్ని గుద్దుకుంటూ వెళ్లాడు. ఎనిమిది మంది చనిపోయారు. వాళ్లలో ఐదుగురు అర్జెంటీనా నుంచి స్నేహితులతో కలిసి సరదాగా వచ్చినవాళ్లు.

ఆ తరవాత రోజుల్లోనే ప్రతి సందు దగ్గరా బరువైన కాంక్రీటు దిమ్మెలు వచ్చి పడ్డాయి. ట్రక్కు రాదు, నిజమే. కానీ రెండు వైపుల నుంచీ సైకిళ్లూ, పరుగెత్తేవాళ్లూ వచ్చే దారి అక్కడ ఒక్కసారిగా సన్నబడింది. ఎదురెదురుగా వచ్చేవాళ్లు దిమ్మెల మధ్య ఇరుక్కోవడం మొదలైంది. అడ్డం పెట్టమని అడిగిన సైక్లిస్టులే, ఇలా కాదు మహాప్రభో అన్నారు. 2018 జనవరిలో నగరమంతటా పెట్టే 1,500 స్తంభాల కోసం న్యూయార్క్ 5 కోట్ల డాలర్లు ప్రకటించింది. దిమ్మెల స్థానంలో మెల్లగా ఉక్కు స్తంభాలు వచ్చాయి.

ఇక్కడ కొలతలు ఎలా ఢీకొంటాయో చూడండి. దాడి చేసే బండి దూరకూడదంటే రెండు స్తంభాల మధ్య ఖాళీ 1.2 మీటర్లు దాటొద్దని భద్రతా నిపుణులు అంటారు. సైకిళ్లు ఇబ్బంది లేకుండా పోవాలంటే కనీసం 1.5 మీటర్లు ఉండాలని బ్రిటన్ సైకిల్ మార్గదర్శకాలు అంటాయి. తేడా 30 సెంటీమీటర్లు, అంటే స్కూలు స్కేలు పొడవు. ఇద్దరూ ప్రాణాలు కాపాడటానికే చెబుతున్నారు.

స్తంభం కూడా మనిషిని పడేస్తుంది

కార్లో కూర్చున్నవాళ్లకు స్తంభం అంటే బంపరుకు గీత. సైకిల్ మీద ఉన్నవాళ్లకు విరిగిన చెయ్యి. సైకిల్ ప్రమాదాలంటే వాహనాలు గుద్దడమే గుర్తొస్తుంది గానీ, ఏ బండీ తగలకుండా తమంతట తామే పడిపోయేవాళ్లు చాలామంది. నెదర్లాండ్స్‌లో ఈ రకం ప్రమాదాల మీద పరిశోధనలు జరిగాక దారి మధ్య స్తంభాలు కూడా కారణాల్లో ఒకటని తేలింది. అక్కడ చాలా పురపాలికలు అవసరం లేనివాటిని పీకేయిస్తున్నాయి.

గంటకు 25 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు సుమారు 7 మీటర్లు. ఏదో అడ్డం ఉందని గమనించి బ్రేకు మీద వేళ్లు బిగించేసరికి రెండు సెకన్లు పోతే 14 మీటర్లు అప్పటికే అయిపోయాయి. మసక చీకట్లో బూడిద రంగు పైపు 14 మీటర్ల నుంచి కనిపిస్తుందా? ఆదివారం పొద్దున గుంపుగా వెళ్లేవాళ్ల పరిస్థితి ఇంకా ఘోరం. ముందున్న మనిషి వీపు స్తంభాన్ని దాచేస్తుంది. అతను చివరి క్షణంలో పక్కకు తప్పుకుంటాడు, వెనకున్నవాడికి నేరుగా స్తంభమే ప్రత్యక్షమవుతుంది. నాకు ఒకసారి ఇలాగే ఒక పార్కు గేటు దగ్గర హ్యాండిల్ అంచు తగిలింది. పడలేదు, కానీ ఆ తరవాత ఎవరి వెనకా మరీ దగ్గరగా తొక్కలేదు.

అమెరికా రాష్ట్రాల రహదారి అధికారుల సంఘం, అంటే ఆష్టో, 2012లో వేసిన సైకిల్ మార్గదర్శకంలో స్తంభాలను అలవాటుగా పాతొద్దని చెప్పింది. కార్లు వస్తున్నాయని తేలి, బోర్డుల్లాంటి ఇతర పద్ధతులు పని చేయకపోతేనే పెట్టాలి. పెడితే ఒక మీటరు ఎత్తు ఉండాలి, రాత్రి వెలుగు పడితే మెరిసే పట్టీ అంటించాలి, నేల మీద స్తంభం చుట్టూ హెచ్చరిక గీతలు గీయాలి. రోడ్డు అంచు నుంచి కనీసం 9 మీటర్లు లోపలికి ఉండాలి. ఎందుకంటే రోడ్డు దాటేవాళ్ల కళ్లు వచ్చే కార్ల మీద ఉంటాయి, అదే క్షణంలో స్తంభాన్ని కూడా చూడమంటే కుదరదు.

దాంట్లోనే ఇంకో నియమం ఉంది, మొదట వింటే వాస్తు సలహాలా అనిపిస్తుంది: స్తంభాలు బేసి సంఖ్యలో పాతాలి. కారణం తేలికే. 3 మీటర్ల దారికి 15 సెంటీమీటర్ల లావున్న స్తంభం మధ్యలో ఒకటి పెడితే, రెండు పక్కలా 142 సెంటీమీటర్ల చొప్పున సందులొస్తాయి. వెళ్లేవాళ్లకు ఒకటి, వచ్చేవాళ్లకు ఒకటి. అదే రెండు స్తంభాలు పెడితే 90 సెంటీమీటర్ల సందులు మూడు. మధ్య సందు ఎవరిది? ఇద్దరూ అదే తమదనుకుంటారు, ఇద్దరూ మధ్యలో కలుస్తారు.

అదే లెక్క మన ఆటోతో వేసి చూస్తే

1.5 మీటర్ల ఖాళీ అక్కడ ఎందుకు పనికొస్తుందంటే, వాళ్ల కార్లు చాలావరకు 1.7 మీటర్ల కంటే వెడల్పు. మన రోడ్డు వేరు. బజాజ్ ఆటో వెడల్పు 1.3 మీటర్లు. మారుతి ఆల్టో 1.49 మీటర్లు, అద్దాలు మడిస్తే 1.5 మీటర్ల సందు దాన్ని ఆపుతుందని గ్యారంటీ లేదు. మన ఆటోవాళ్ల నైపుణ్యం తెలిసినవాళ్లు 142 సెంటీమీటర్ల సందును అడ్డం అనుకోరు, రాచబాట అనుకుంటారు.

ఔటర్ పక్కన వేసిన ట్రాక్ వెడల్పు 4.5 మీటర్లు. అంత వెడల్పున్న దారి ప్రవేశంలో స్తంభాలు పెట్టాలంటే ఎన్ని కావాలి? ఇది కాగితం మీద లెక్క మాత్రమే, అక్కడ ఏముందో చెప్పడం లేదు. మధ్యలో ఒకటే పెడితే రెండు పక్కలా 217 సెంటీమీటర్లు, ఇన్నోవా కూడా పోతుంది. రెండు పెడితే 140 చొప్పున మూడు సందులు, కార్లు ఆగాయి, ఆటో ఆగలేదు, పైగా సరి సంఖ్య ఇబ్బంది. మూడు పెడితే సుమారు 101 సెంటీమీటర్ల సందులు నాలుగు. ఆటో ఆగింది. మామూలు సైకిల్ హాయిగా పోతుంది, వీల్‌చైర్ పోతుంది.

కానీ మూడు చక్రాల సైకిల్ సంగతి? బ్రిటన్ 2020లో ఇచ్చిన మార్గదర్శకం ఏ సైకిల్‌ను మనసులో పెట్టుకుని దారి కట్టాలో కొలత చెప్పింది: 2.8 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు. సరుకులు మోసే సైకిళ్లు, పిల్లలను కూర్చోబెట్టే తోక బండ్లు, చేతులతో తొక్కే వికలాంగుల సైకిళ్లు అన్నీ అందులో ఇమడాలని. 1.2 మీటర్ల సైకిల్‌ను వదిలి 1.3 మీటర్ల ఆటోను ఆపే సందు అంటే పది సెంటీమీటర్ల తేడాలో పని కానివ్వాలి. ఆటో డ్రైవరుకు కష్టం, కానీ సరుకు సైకిల్‌వాళ్లకు కూడా అంతే కష్టం.

బైకును ఆపే సందు ఇంకా ఎవరెవరిని ఆపుతుంది

మన దగ్గర అసలు బెడద కారు కాదు, బైకు. ఢిల్లీలో 2008లో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా మొదలుపెట్టిన బస్ కారిడార్ పక్కన సైకిళ్ల కోసం వేసిన దారిలోకి బైకులు దూరడం అక్కడివాళ్లందరికీ గుర్తే. ఫుట్‌పాత్‌నే వదలని మన ట్రాఫిక్‌కి సైకిల్ ట్రాక్ ఒక లెక్కా?

బైకును వెడల్పుతో ఆపవచ్చా? హీరో స్ప్లెండర్ వెడల్పు దాదాపు 72 సెంటీమీటర్లు. ఇప్పుడొచ్చే మౌంటెన్ సైకిళ్లలో చాలావాటికి హ్యాండిలే 72 నుంచి 78 సెంటీమీటర్లు ఉంటుంది. అంటే స్ప్లెండర్ దూరని సందు చేస్తే ఆ సైకిలూ దూరదు. జల్లెడ పని ఇక్కడ అయిపోయింది.

అయినా ప్రయత్నించిన దేశం ఉంది. బ్రిటన్‌లో పాత రైలు దారుల మీద చేసిన ట్రైళ్లలోకి మోటార్‌సైకిళ్లు వచ్చి గోల చేస్తుంటే, ఇంగ్లిష్ A అక్షరం ఆకారంలో ఇనుప చట్రాలు పెట్టారు. కింద కాళ్ల దగ్గర వెడల్పు, పైన హ్యాండిల్ ఎత్తులో ఇరుకు. ఇంకొన్ని చోట్ల వంకర టింకర కంచెలు, ఒక్కో మనిషి మాత్రమే తిరిగి వెళ్లగలిగే గేట్లు. 2018లో సస్‌ట్రాన్స్ అనే సైకిల్ సంస్థ తమ జాతీయ సైకిల్ మార్గాలను లెక్క పెడితే ఇలాంటి అడ్డాలు 16 వేలకు పైగా తేలాయి.

ఇక్కడ రెండు పక్షాల మాటా వినాలి. ట్రైల్ పక్కన ఇల్లున్న మనిషికి రాత్రి పదకొండింటికి కిటికీ కింద మోటార్‌సైకిల్ రొద నిజం. ముసలావిడ అదే దారిలో నడుస్తుంటే వెనక నుంచి బండి దూసుకురావడం నిజం. పోలీసులు ప్రతి ట్రైల్ దగ్గరా ఉండరు. వాళ్ల దృష్టిలో చట్రం తీసేయమనడం తలుపు తీసి పడుకోమన్నట్టే.

వికలాంగ సైక్లిస్టుల మాట వేరు. వీల్స్ ఫర్ వెల్‌బీయింగ్ లాంటి బ్రిటన్ సంస్థలు చెప్పేదేమిటంటే, సైకిల్ దిగి దాన్ని ఎత్తి పక్కకు తిప్పి తోసుకుపోగలిగే ఆరోగ్యవంతుణ్ని ఊహించుకుని ఈ గేట్లు చేశారు. మూడు చక్రాల సైకిలే కాళ్లు అయినవాళ్లకు దిగడం అనే మాటకే అర్థం లేదు. వాళ్లకు ఆ గేటు ఉన్న చోటే దారి ముగుస్తుంది. పైగా తేలికపాటి మోటార్‌సైకిల్‌ను ఇద్దరు కుర్రాళ్లు చట్రం మీదుగా ఎత్తి అవతల పెట్టేస్తారు, బరువైన వికలాంగుల స్కూటర్‌ను ఎవరూ ఎత్తలేరు. అక్కడి 2010 సమానత్వ చట్టం ప్రకారం ఇలా కొందరిని మూసేయడం చట్టపరమైన సమస్య కూడా. 2020 మార్గదర్శకం మొగ్గు వీళ్ల వైపే: బైకుల బెడద తీవ్రంగా, ఆగకుండా ఉండి, పోలీసు తనిఖీలతో కూడా తగ్గకపోతే తప్ప అడ్డాలు పెట్టొద్దు. ఇంటి కిటికీ మనిషికి ఇది న్యాయంగా అనిపించకపోవచ్చు. నాకు మాత్రం లెక్క అటే తూగుతోంది, ఎందుకంటే చట్రం ఆపాల్సినవాణ్ని సగమే ఆపుతోంది, ఆపకూడనివాళ్లను పూర్తిగా ఆపుతోంది.

స్తంభం లేకుండా కారును బెదరగొట్టడం

ఆష్టో ఇష్టపడే పద్ధతిలో స్తంభమే ఉండదు. 3 మీటర్ల దారిని రోడ్డుకు చేరే ముందు రెండు పాయలుగా చీలుస్తారు, ఒక్కోటి 1.5 మీటర్లు. మధ్యలో చిన్న దీవిలా మట్టి, పొట్టి మొక్కలు. కార్లోంచి చూస్తే ఇది రోడ్డు కాదు, పూలకుండీ చుట్టూ తిరిగే కాలిబాట. పొరపాటుగా వచ్చేవాళ్లు అక్కడే ఆగిపోతారు. మూల మలుపును ఇరుగ్గా చేస్తే కారు తిరగడం ఇంకా కష్టం. సైకిల్ పడితే మొక్కల మీద పడుతుంది, ఇనుము మీద కాదు. అంబులెన్స్ రావాల్సి వస్తే చక్రాలు చెరో పాయలో వేసి మొక్కల మీదుగా వచ్చేస్తుంది.

నెదర్లాండ్స్‌లో దారి రంగే పని చేస్తుంది. సైకిల్ దారంటే ఎర్ర తారు అని పిల్లలకూ తెలుసు. అంతకన్నా ముఖ్యంగా, చాలా ఊళ్లలో కారుకు ఆ దారి అడ్డదారిగా ఉపయోగపడకుండా వీధుల అల్లికనే మార్చారు. దొంగకు పనికొచ్చేది ఇంట్లో లేకపోతే తాళం గురించి అంత చింత ఉండదు.

మన దగ్గర చీలిన పాయ పద్ధతి అచ్చంగా దింపితే 1.5 మీటర్ల పాయ ఆటోకు స్వాగత ద్వారం అవుతుంది. కాస్త సన్నం చేయాలి. మొక్కలకు నీళ్లు పోసేదెవరన్నది ఇంకో ప్రశ్న, ఎండిపోయిన దీవి మీద మూడో రోజుకే ఇడ్లీ బండి వెలుస్తుంది.

ఇంజన్ అంటే ఏమిటో కూడా తేలలేదు

ఫుట్‌పాత్, సైకిల్ ట్రాక్ మీద బండి నడపకూడదని మన రోడ్డు నియమాల్లో 1989లోనే రాశారు. అయితే కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం మోటారు శక్తి 250 వాట్ల కంటే తక్కువ, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు అని పరీక్షల్లో తేలిన బ్యాటరీ బండి మోటారు వాహనం కిందికే రాదు. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, లైసెన్స్ అక్కర్లేదు. చూడటానికి అది అచ్చం స్కూటరు. మరి అది సైకిల్ ట్రాక్‌లోకి రావచ్చా? కాగితం ప్రకారం వాదించవచ్చు. పక్కనే అదే రూపంలో ఉండి 60లో వెళ్లే బండి రాకూడదు. గేటు దగ్గర నిలబడ్డ హోంగార్డుకు ఈ రెండింటినీ విడదీయమని చెప్పి చూడండి. స్తంభానికైతే ప్రశ్నే అర్థం కాదు.

తాళం చెవి ఎవరి దగ్గర?

ఎక్కడైనా గట్టి స్తంభం పెట్టక తప్పలేదనుకుందాం. లోపల ఎవరికైనా గుండెపోటు వస్తే అంబులెన్స్ రావాలి, చెట్టు పడితే మునిసిపాలిటీ లారీ రావాలి. అందుకని తీసి పెట్టగలిగే స్తంభాలు వచ్చాయి. నేలలో ఒక ఇనుప గొట్టం పాతి, అందులో స్తంభాన్ని నిలబెట్టి తాళం వేస్తారు. తాళం చెవి ఒక శాఖ దగ్గర ఉంటుంది, అంబులెన్స్ ఇంకో శాఖది. కొన్ని దేశాల్లో అంబులెన్స్, ఫైరింజన్ అన్నిటికీ ఒకే రకం తాళం వాడి ఈ తలనొప్పి తగ్గించుకున్నారు.

ఇంకోటి, తీసిన స్తంభం తిరిగి పెట్టడం. మరమ్మతు పనివాళ్లు లారీ కోసం దాన్ని తీసి పక్కన పొదలో పడుకోబెడతారు. పని అయిపోతుంది, స్తంభం అక్కడే ఉంటుంది. దారి మధ్యలో మిగిలేది నేల మట్టం కంటే రెండు వేళ్లు పైకి లేచిన గొట్టం అంచు. కార్లకు అది తగిలినట్టు కూడా తెలియదు, హాయిగా లోపలికి వచ్చేస్తాయి. సైకిల్ ముందు చక్రం మాత్రం సరిగ్గా దాన్నే వెతుక్కుంటుంది.